పద్దెనిమిది రోజుల సెలవుకి వైజాగ్ వస్తే ఎక్కడికెళ్దాం: అరకా, భీమిలా, ఎదురుగా ఉన్న బీచా

ముందే చెప్పేస్తా. చేతిలో ఉన్నవి పదిహేను ఇరవై రోజులే అయితే, ఇంట్లో డెబ్భై దాటిన పెద్దవాళ్ళు ఉంటే, ఈసారికి అరకు పక్కన పెట్టేయండి. భీమిలి రోడ్డు మీద రెండుసార్లు వెళ్ళండి, పొద్దున్న బీచ్‌కి ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు వెళ్ళండి, సింహాచలం ఒక్కసారి మామూలు రోజు చూసుకుని వెళ్ళండి. ఎందుకో, ఎవరికి ఏది నప్పుతుందో, ఏ నెలలో ఏది మానుకోవాలో కింద వివరంగా రాస్తున్నా, ఎందుకంటే డిసెంబర్ దగ్గర పడేసరికి బయట దేశాల్లో ఉండే మా స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఇదే అడుగుతారు, అందరికీ విడివిడిగా ముక్కలు ముక్కలుగా చెప్తున్నా, ఒకసారి మొత్తం రాసేస్తే బాగుంటుంది అనిపించింది.

నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నా, పదకొండేళ్ళవుతోంది. అమ్మ పెదవాల్తేరులో ఉంటుంది, నాన్న లేరు. ఇంటి నుంచి పని చేసుకోడానికి ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నాక ఏడాదికి మూడుసార్లు వస్తున్నా, ఒకసారి పద్దెనిమిది రోజులు, ఒకసారి నెల, ఒక్కోసారి ఆరు వారాలు కూడా. చుట్టపుచూపుగా రావట్లేదు, అలాగని పూర్తిగా ఇక్కడా ఉండట్లేదు. ఇలా రెండిళ్ళ మధ్య బతికేవాళ్ళకి పెద్ద ట్రిప్పుల కంటే రెండు మూడు గంటల్లో వెళ్ళొచ్చే చిన్న షికార్లే ఎక్కువ అవసరం, కానీ అది నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదట్లో నేనూ అందరిలాగే దిగిన మర్నాడే కారు మాట్లాడేసేదాన్ని. ఒక ఏడాది అయితే పద్దెనిమిది రోజుల్లో అరకు, లంబసింగి, అన్నవరం, అరసవల్లి, శ్రీకూర్మం అన్నీ తిరిగేసాం. ఘాట్ రోడ్డులో బాబు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. అమ్మ మొదటి రోజు వచ్చింది, రెండో ట్రిప్పు నుంచి "మీరెళ్ళి రండే, నేను ఇంట్లో ఉండి వంట చేసి పెడతాను" అనేసింది. వెళ్ళిపోయే రోజు సూట్‌కేస్ బరువు చూస్తుంటే పక్కన కూర్చుని "ఈసారి నీతో ఒక్క పూట కూడా బీచ్‌లో కూర్చోలేదు కదే" అంది. నిష్ఠూరంగా ఏం కాదు, మామూలుగానే అంది. బీచ్ మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. ఫ్లైట్ ఎక్కాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది.

అప్పటి నుంచి ఎక్కడికి అన్నది నేను చివర్లో ఆలోచిస్తా. ముందు ఎవరెవరు వస్తున్నారు, వాళ్ళు ఎంతసేపు నిలబడగలరు, అక్కడ మెట్లున్నాయా, దార్లో బాత్రూమ్ దొరుకుతుందా, ఇవి చూస్తా. ఆ తర్వాత ఇంకోటి, తిరిగొచ్చాక ఇంత అన్నం తిని కాసేపు కబుర్లు చెప్పుకునే ఓపిక మిగులుతుందా లేదా. నాకు ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. షికారుకి వెళ్ళొచ్చి అందరూ మంచాల మీద పడిపోతే ఆ రోజు మనం చూసింది కారు అద్దాలు తప్ప ఇంకేం లేదు.

ముందు మీ నిద్ర సంగతి చూస్కోండి

దీని గురించి ఎవరూ చెప్పరు కానీ చాలా పనికొస్తుంది. సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే అక్కడ ఏడింటికి లేచే అలవాటున్న మనిషికి ఇక్కడ నాలుగున్నరకే కళ్ళు తెరుచుకుంటాయి. మొదట్లో నేను ఆ టైమ్‌లో ఫోన్ చూస్కుంటూ పడుకునేదాన్ని. ఇప్పుడు మొదటి వారం మొత్తం పొద్దుటి షికార్లే పెట్టుకుంటున్నా. అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి కూడా మొదటి అయిదారు రోజులు రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం అయిదయ్యేసరికి కళ్ళు మూతలు పడిపోతాయి, కాబట్టి మీక్కూడా పొద్దున్నే మంచిది, సాయంత్రం ఎవరింటికైనా భోజనానికి వస్తామని మాటిచ్చి అక్కడ సోఫాలో నిద్రపోకండి. దుబాయ్, మస్కట్ వాళ్ళ సంగతి వేరు. అక్కడి టైమ్ మనకి గంటన్నర వెనక, అక్కడ ఏడింటికి లేచేవాళ్ళకి ఇక్కడ ఎనిమిదిన్నర అవుతుంది, ఆ టైమ్‌కి వైజాగ్‌లో ఎండ చుర్రుమంటుంది. వాళ్ళు మొదటి వారం సాయంత్రాలు పెట్టుకుని రెండో వారం నుంచి పొద్దుట్లకి మారొచ్చు. లండన్ వాళ్ళకి కూడా ఇంతే.

పొద్దున్న బీచా, సాయంత్రం బీచా

రెండూ ఒకే చోటు అనుకోకండి, నా లెక్కలో ఆర్కే బీచ్ పొద్దున్న ఒక ఊరు, ఆదివారం సాయంత్రం ఇంకో ఊరు. తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, రోడ్డు మధ్యలోంచి నడవొచ్చు, హారన్ ఉండదు. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, మే జూన్ నెలల్లో అయిదున్నర లోపే వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర దాకా రాడు. అమ్మని ఆటోలో తీసుకెళ్ళి పిట్టగోడ మీద కూర్చోబెడతా, పక్కన ఫ్లాస్కులో కాఫీ. పెదజాలారిపేట వైపు వెళ్తే తెప్పలు తిరిగొస్తుంటాయి, కొన్ని రోజులు ఒడ్డు నుంచి పదిహేనిరవై మంది కలిసి వల లాగుతుంటారు, బాబు కూడా వెళ్ళి తాడు పట్టుకుంటాడు, వాళ్ళు ఏమీ అనరు, "లాగు బాబూ, గట్టిగా" అంటారు. అమ్మ బేరమాడి చేపలు కొంటుంది. మొత్తం గంటన్నర. ఎనిమిదింటికి ఇంట్లో ఉంటాం, ఇడ్లీ తిని నేను ఆఫీస్ కాల్‌లో కూర్చుంటా, రోజు మొత్తం మిగిలే ఉంటుంది.

సాయంత్రం బీచ్ పిల్లలకీ కుర్రాళ్ళకీ. మురీ మిక్చర్, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గుర్రం, బెలూన్లు, అందరూ. సోమవారం నుంచి గురువారం దాకా పర్వాలేదు, శనాదివారాలు పార్కింగ్ కోసమే అరగంట తిరగాలి, పెద్దవాళ్ళని ఆ గుంపులో నడిపించడం నాకు ఇష్టం లేదు. పిల్లలున్నవాళ్ళు సాయంత్రం వెళ్తే కురుసుర జలాంతర్గామి చూపించండి. 1969లో నేవీలో చేరి 2001 దాకా పని చేసింది, 2002 నుంచి మ్యూజియం. లోపల చాలా ఇరుకు, ఒక గదిలోంచి ఇంకో గదికి గుండ్రటి కన్నాల్లోంచి కాలెత్తి దూరాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, గాలాడక భయపడేవాళ్ళకి ఇంకా కష్టం. రోడ్డుకి అవతల టీయూ 142 విమానం ఉంది, 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద కాపలా కాసింది, అది బయట నుంచి చూసినా సరిపోతుంది కాబట్టి అమ్మమ్మ తాతయ్య ఉన్నప్పుడు నేను దానికే ఓటేస్తా. ఒక్కటే ఒక్క రోజుంటే, పిల్లాడికి తొమ్మిది పదేళ్ళుంటే మాత్రం జలాంతర్గామి. మావాడు అందులో పడుకునే బెర్తులు చూసి, అంత చిన్న చోట అన్ని రోజులు ఎలా ఉన్నారమ్మా అని రెండు రోజులు అడిగాడు. సోమవారం మూసి ఉంటుంది, జూ కూడా అంతే, సోమవారం పెట్టుకుని పిల్లల్ని ఏడిపించకండి.

కొండ ఎక్కాలనుంటే

కైలాసగిరి, తొట్లకొండ. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే చాలామంది ఆలోచించకుండా కైలాసగిరి అంటారు. అదీ బానే ఉంటుంది, కారు పైదాకా పోతుంది, రోప్‌వే ఉంది, చుట్టూ తిరిగే చిన్న రైలుంది, శివపార్వతుల పెద్ద విగ్రహాలు, తినడానికి దొరుకుతాయి, బాత్రూములున్నాయి, పై నుంచి బీచ్ మొత్తం వంపు తిరిగి ఊళ్ళోకి వెళ్ళడం కనిపిస్తుంది. బయట దేశంలో పుట్టిన పిల్లలకి మన ఊరు ఇది అని ఒక్క చూపులో చూపించాలంటే దీన్ని మించింది లేదు. ఫస్ట్ టైమ్ వస్తున్న అల్లుడికో కోడలికో కూడా ఇదే.

కానీ ఇద్దరే ముగ్గురే వెళ్తుంటే, మాట్లాడుకోవాలనుంటే, తొట్లకొండ. భీమిలి రోడ్డులో పదహారు కిలోమీటర్లు, అక్కడికి కూడా కారు పైకి వెళ్ళిపోతుంది. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆరామం, రాతిలో నీళ్ళ కోసం తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు, దగ్గర్లోని బావికొండకి బావుల వల్ల పేరొచ్చినట్టే. భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి, ఎదురుగా సముద్రం. అప్పట్లో ఓడల్లో వచ్చినవాళ్ళు ఇక్కడ దిగి పైకొచ్చి వానాకాలం గడిపేవాళ్ళేమో అని మా చిన్నాన్న అంటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఎక్కడి నుంచో వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళు ఈ ఊరికి కొత్త కాదన్నమాట. అక్కడ నీడ తక్కువ, పైన కొనుక్కోడానికి ఏమీ ఉండవు, నీళ్ళు, గొడుగు పట్టుకెళ్ళాలి. పదింటి తర్వాత వద్దు. కారు లేనివాళ్ళకి 2025లో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వైపు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు మొదలెట్టారు, పిల్లలకి ఆ పై అంతస్తు ఎక్కడమే ఒక షికారు.

భీమిలి, రుషికొండ, యారాడ

నన్నడిగితే మొత్తం వైజాగ్‌లో రెండిళ్ళ మనుషులకి సరిపోయే షికారు ఒక్కటే, భీమిలి రోడ్డు. మిగతా రెండిటి గురించి త్వరగా చెప్పేసి దీని దగ్గరకొస్తా.

రుషికొండలో బట్టలు మార్చుకునే గదులు, షవర్లు, బాత్రూములు ఉన్నాయి, శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్, పిల్లలు నీళ్ళల్లో ఆడాలంటే, పడవ ఎక్కాలంటే అక్కడికే. లోతుకి మాత్రం వెళ్ళనీకండి. మన సముద్రం బయటికి కనిపించినంత మెత్తనిది కాదు, కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది, విదేశాల్లో స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చుకున్న పిల్లలకి ధైర్యం ఎక్కువ ఉంటుంది, అదే నాకు భయం. యారాడ చాలా అందంగా ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి ఆ వంపుల రోడ్డు దిగుతుంటే కొబ్బరి చెట్లు, పచ్చదనం, మధ్యలో నీలం, చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. కానీ మన ఎంవీపీ, పెదవాల్తేరు, సీతమ్మధార వైపు నుంచి అటు వెళ్ళాలంటే పోర్టు లారీలన్నీ దాటుకుని వెళ్ళాలి, అక్కడ అలలు కూడా పెద్దవి. గాజువాక, మల్కాపురం వైపు ఇల్లున్నవాళ్ళకి యారాడే దగ్గర, వాళ్ళు హాయిగా అటే వెళ్ళండి. కొత్తగా పెళ్ళైన జంటలకి కూడా.

ఇంక భీమిలి. ఇది ఎందుకు గెలుస్తుందంటే, దిగకుండా కూడా చూడొచ్చు. పక్కనే సముద్రం పెట్టుకుని పాతిక కిలోమీటర్ల పైన రోడ్డు, అమ్మకి నొప్పి ఎక్కువగా ఉన్న రోజు కార్లో కూర్చునే వెళ్ళొస్తుంది, తక్కువగా ఉన్న రోజు దిగుతుంది, ఓపిక బట్టి ఎక్కడైనా వెనక్కి తిరిగేయొచ్చు. మంగమారిపేట దగ్గర రాతి తోరణం చూడొచ్చు. పిల్లలుంటే ఎర్రమట్టి దిబ్బలు, వేల ఏళ్ళ పాటు గాలీ నీళ్ళూ కలిసి పేర్చిన ఎర్ర ఇసక, 2014లో జియోలాజికల్ సర్వే వాళ్ళు భూ వారసత్వ స్థలంగా గుర్తించారు, అడుగు పెడితే జారిపోతుంటుంది కాబట్టి పెద్దవాళ్ళని రోడ్డు దగ్గరే ఉంచండి, ఆ మట్టి సీసాల్లో నింపుకుని తెచ్చుకోకండి దయచేసి, ఇప్పటికే చాలా పోయింది. భీమిలి ఊళ్ళో డచ్చి వాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్, పావురాలకొండ. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పటికీ మధ్యాహ్నం పూట నిద్రపోతున్నట్టే ఉంటుంది, అదే నాకు ఇష్టం.

ఒక్క సంగతి చెప్పాలి. అమ్మకి బొర్రా గుహలు చూడాలని ఎప్పటి నుంచో కోరిక, నాన్న ఉన్నప్పుడు కుదర్లేదు, ఇప్పుడు ఆ మెట్లు తన వల్ల కాదు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కూర్చున్నప్పుడు చెప్పా, అమ్మా ఈ నీళ్ళు బొర్రా గుహల్లోంచే వస్తున్నాయి, అనంతగిరి కొండల్లో పుట్టి ఆ గుహలోంచి పారుకుంటూ ఇక్కడికొస్తుంది గోస్తని అని. "నిజఁవేటే?" అంది. నిజమే. లేచి మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి కాళ్ళు తడుపుకుంది. తలమీద కూడా రెండు చుక్కలు చల్లుకుంది. నేను ఇన్నేళ్ళల్లో చేయించిన షికార్లన్నిట్లో అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగేది అదొక్కటే.

కారు మాట్లాడుకుంటే సగం రోజుకి మాట్లాడుకోండి, పొద్దున్న ఆరింటికి బయల్దేరితే పదిన్నరకి ఇంట్లో ఉండొచ్చు. తెలిసిన డ్రైవరైతే మంచిది, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి సిటీ బస్సులున్నాయి, కుడివైపు కిటికీ పట్టుకోండి, వచ్చేటప్పుడు ఎడమవైపు.

సింహాచలం, పాత ఊరు

గుడికి వెళ్ళడం షికారా అంటే మా ఇంట్లో షికారే. సింహాచలం శనాదివారాలు వద్దు, వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే అప్పన్న దర్శనం నెమ్మదిగా అవుతుంది, కప్పస్తంభాన్ని కౌగిలించుకోవచ్చు, పులిహోర తినొచ్చు, కొండ కింద అనాసపళ్ళ సీజన్ అయితే రెండు కొనుక్కోవచ్చు. స్వామి ఏడాదంతా చందనంలో ఉండి అక్షయ తృతీయ రోజు ఒక్కటే నిజరూపంలో కనిపిస్తాడు, ఆ రోజు కోసమే టికెట్ బుక్ చేసుకుని వచ్చేవాళ్ళున్నారు, వాళ్ళ భక్తికి దణ్ణం, కానీ పెద్దవాళ్ళనీ చిన్నపిల్లల్నీ ఆ క్యూలో ఆ ఎండలో నిలబెట్టకండి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా రాత్రంతా నడుస్తారు, దారి పొడవునా జనం మజ్జిగా నీళ్ళూ పంచుతారు. నడవలేకపోయినా ఆ రోజు ఊళ్ళో ఉంటే అప్పూఘర్ దగ్గరో ఎంవీపీ దగ్గరో నిలబడి నీళ్ళ ప్యాకెట్లు ఇవ్వండి, ఎంత పెద్ద ట్రిప్పుకీ తీసిపోదు.

పాత ఊరికి ఒక పూట కేటాయించండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడి పైకప్పు ఉండదు, ఎవరి చేత్తో వాళ్ళే పసుపు కుంకుమలు వేసి పూజ చేసుకోవచ్చు, అందుకే బయట నుంచి వచ్చిన ఆడపిల్లలకి అక్కడ మనసు నిండుతుంది. మార్గశిర గురువారాలు మాత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. దగ్గర్లోనే మూడు కొండలు పక్కపక్కన, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి, రాస్ హిల్ పై నుంచి చూస్తే పోర్టులోకి ఓడలు వెళ్ళే దారి కనిపిస్తుంది. కారు పెద్దదైతే ఆ సందుల్లోకి తేకండి, ఆటో చాలు.

అరకు ఎప్పుడు వెళ్ళొచ్చంటే

అరకు మీద నాకేం కోపం లేదు, చాలా ఇష్టం కూడా, కానీ అది చిన్న షికారు కాదు, దాన్ని చిన్న షికారులా చేయాలని చూస్తేనే పాడవుతుంది. రోడ్డు మీద 115 కిలోమీటర్ల దాకా, మూడు గంటల పైన, అందులో సగం ఘాట్ రోడ్డు. పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేయడం అంటే ఏడెనిమిది గంటలు కూర్చోవడమే. కాబట్టి నెల రోజుల పైన ఉన్నప్పుడే, ఒక రాత్రి అక్కడ పడుకునేలా అయితేనే వెళ్ళండి.

కారా రైలా అంటే వెళ్ళేటప్పుడు రైలు, కళ్ళు మూసుకుని చెప్తా. పొద్దున్న కిరండూల్ వెళ్ళే రైలు, దారిలో 58 సొరంగాలు, 2017లో అద్దాల బోగీ కూడా పెట్టారు. ఆ బోగీకి టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి సింగపూర్‌లోనో డల్లాస్‌లోనో ఉండగానే ఫ్లైట్ టికెట్‌తో పాటే చేసేస్కోండి. దొరక్కపోతే మామూలు బోగీలో వెళ్ళినా నష్టం లేదు, కిటికీ తెరిచి గాలి పీల్చుకోవచ్చు, ప్రతి సొరంగంలో పిల్లలందరూ కలిసి అరుస్తారు. వచ్చేటప్పుడు కారు, అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఆగుతూ, వెదురు బొంగులో చికెన్ తింటూ రావచ్చు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, తడిగా ఉంటాయి, మోకాళ్ళు బాగున్నవాళ్ళకే. నవంబర్ చివర డిసెంబర్‌లో వలిసె పూలు పూస్తాయి, లోయంతా పసుపు పచ్చగా, అప్పుడు వెళ్ళగలిగితే అదృష్టం. లంబసింగి మంచు చూడాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, నేనైతే పదేళ్ళ లోపు పిల్లలతో మళ్ళీ చేయను.

ఏ నెలలో వస్తున్నారు

పిల్లల స్కూలు సెలవులే మనకి పంచాంగం కాబట్టి నెల మన చేతుల్లో ఉండదు, షికారే మార్చుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోత, చెమట ఆరదు. కానీ ముంజలు, మామిడిపళ్ళు, జీడిమామిడి పళ్ళు అప్పుడే, భీమిలి రోడ్డు పక్కన ముంజలు కొట్టి ఇస్తుంటే అక్కడే నిలబడి తినడం కోసం నేను మే నెల సెలవు వదులుకోను. పొద్దున్న ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత, అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, అరవై ఒక్క రోజులు, అప్పుడు ఫిషింగ్ హార్బర్‌కి చేపలు చూద్దామని వెళ్తే బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అక్టోబర్, నవంబర్‌లో తుఫాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను సింగపూర్‌లో ఉన్నా, అమ్మకి ఫోన్ కలవలేదు, ఆ తర్వాత వచ్చి చూస్తే కొండల మీద చెట్లన్నీ ఒక్కటి లేకుండా విరిగిపోయి ఉన్నాయి. ఆ నెలల్లో వస్తే రెండు మూడు రోజుల ముందు వాతావరణం చూసుకోకుండా ఏ ప్రయాణం ఖాయం చేయకండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఏదైనా చేయొచ్చు.

అక్కడున్నప్పుడు

ఇంకో సగం జీవితం అక్కడ, సింగపూర్‌లో కదా, దాని గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే చాలామంది వైజాగ్ వచ్చినప్పుడే తిరుగుతారు, అక్కడ వారం మొత్తం పని, ఆదివారం బట్టలుతుక్కోవడం. నేనూ అంతే ఉండేదాన్ని. అమ్మ మొదటిసారి నెల రోజులకి వచ్చినప్పుడు మారింది. పెద్ద పెద్ద టికెట్ల చోట్లన్నీ చూపించా, అన్నిటికీ "బావుందే" అంది. తనకి నిజంగా నచ్చింది రెండే. ఒకటి బొటానిక్ గార్డెన్స్, 1859 నాటి తోట, 2015లో యునెస్కో జాబితాలో చేరింది, పొద్దున్న అయిదింటికే తెరుస్తారు, టికెట్ లేదు, అమ్మకి అక్కడి టైమ్ అలవాటయ్యాక రోజూ నడిచేది, సంపంగి చెట్టు కనిపిస్తే దాని కింద నిలబడిపోయేది. రెండోది ఈస్ట్ కోస్ట్ పార్క్. సాయంత్రం అక్కడ కూర్చుంటే సముద్రంలో ఓడలు వరసగా లంగరేసి కనిపిస్తాయి. "మన పోర్టు బయట ఆగినట్టే ఆగాయి కదే" అంది. నేను పదేళ్ళు ఆ ఒడ్డున సైకిల్ తొక్కా, ఆ పోలిక ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్కడ ఎంచుకోవడం ఇంకా సులువు, లిఫ్టులున్నాయి, బాత్రూములున్నాయి, రైలు దిగి నడిచిపోవచ్చు. పెద్దవాళ్ళతో అయితే గార్డెన్స్, పిల్లలతో అయితే చాంగి పాయింట్ నుంచి పులావ్ ఉబిన్ దీవి, పన్నెండు మంది నిండగానే పడవ కదులుతుంది, పది నిమిషాల్లో పల్లెటూరు. మన మాట వినాలనుంటే సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడి, దర్శనం అయ్యాక అక్కడే ఎక్కడైనా దోసె. మధ్యాహ్నం ఉరుములతో వాన పడే ఊరు కాబట్టి అక్కడ కూడా పొద్దుటి పూటే నమ్మకం. ఒక్క మాట, అక్కడ బీచ్‌లో మురీ మిక్చర్ కోసం వెతకొద్దు, ఇక్కడ భీమిలిలో సైకిల్ ట్రాక్ కోసం వెతకొద్దు. నేను రెండూ చేశా, రెండు చోట్లా చిన్నబుచ్చుకుని తిరిగొచ్చా.

ఇంక వెళ్ళిపోయే రోజు. ఆ రోజు దూరాలు పెట్టుకోవద్దు, ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలీదు, మనసు కూడా బాగోదు. పొద్దున్నే పది నిమిషాల దూరంలో ఏదైనా. మేం ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళి, అట్నుంచి మాడుగుల హల్వా కొనుక్కుని, ఇంటికొచ్చి సామాన్లు సర్దుకుంటాం.

ఈ డిసెంబర్‌కి మళ్ళీ పద్దెనిమిది రోజులే. కాయితం మీద రాసి అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా, రోజూ కుదిరితే పొద్దుటి బీచ్, సింహాచలం ఒక బుధవారం, తొట్లకొండ చిన్నాన్నతో, పాత ఊరు ఒక పూట, భీమిలి రెండుసార్లు. అంతా విని, "రెండోసారి భీమిలికి మీ పిన్నిని కూడా పిలుద్దాఁవే, దానికి గోస్తని సంగతి నేను చెప్తాను" అంది.